బాబరు పాదుషాయు యమునా జలమును

బాబరు పాదుషా పేరు వినినంతనే మన విద్యార్థులకు పానిపట్టు రణరంగము జ్ఞప్తికి వచ్చును. బండ్లను వరుసగా నిలిపి త్రాళ్లతో బంధించి, వాని చాటున ఫిరంగులను పేల్చి, ఒక్క పూటలో ఇబ్రహీం లోడీ మహాసేనను రూపుమాపిన కథ పాఠ్యపుస్తకములన్నింటను గలదు. అది జరిగినది 1526 సంవత్సరము ఏప్రిలు నెలలో. మే నెలలో బాబరు ఆగ్రా చేరెను. చేరిన కొలది దినములకే యమున దాటి, ఆవలి యొడ్డున తోట వేయుటకు దగిన నేల యెచ్చట గలదాయని స్వయముగా వెదకుచు తిరిగెను. ఈ రెండవ సంగతి పాఠ్యపుస్తకములలో నుండదు. అప్పటికి దేశము పూర్తిగా చేజిక్కలేదు. పెక్కు కోటలు లోబడలేదు. సేనకు ధాన్యము లేదు, గుఱ్ఱములకు మేత లేదు. తూర్పున ఆఫ్ఘను సర్దారులు, పడమట మేవాడు రాణా సంగ్రామసింహుడు కత్తులు నూఱుచుండిరి. అట్టి సమయమున తోటకు నీరెచ్చటనుండి వచ్చునని విచారించిన యీ మనుష్యుని జీవితమును, యుద్ధముల వైపునుండి గాక నీటి వైపునుండి యొకసారి పరికింపవలెనని మాకు తోచినది. ఏటి యొడ్డున పొలము గలిగి, కంటి యెదుట నీరు పాఱుచుండియు దానిని గట్టెక్కింపలేక వగచినవారు మా పాఠకులలో పలువురుందురు. వారికీ కథ పరాయిదిగా దోపదు.

బాబరు 1483 సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన ఫర్గానా సీమలోని అందిజాను పట్టణమున జన్మించెను. ఆ పట్టణమిప్పుడు ఉజ్బెకిస్తానములో నున్నది. తండ్రి ఉమర్ షేక్ మీర్జా తైమూరు వంశీయుడు. తల్లి కుత్లుగ్ నిగార్ ఖానం చెంఘిజుఖాను సంతతిలోనిది. ఫర్గానా పడమట మాత్రమే తెఱపి గలిగి, తక్కిన దిక్కులన్నియు కొండలచే మూయబడిన లోయ. అచ్చట వానలు స్వల్పము. వ్యవసాయమంతయు మంచు కరగి దిగివచ్చు నీటి మీదనే ఆధారపడియుండును. కొండవాగును ఎగువన మళ్లించి, వాలు చెడకుండ కాలువ త్రవ్వినచో నీరు తనంతట తానే పొలమునకు, తోటకు, ఇంటి ముంగిటికి నడచివచ్చును. ఎద్దు అక్కఱలేదు, యంత్రము అక్కఱలేదు, వాలు నెఱిగిన కన్నొక్కటి చాలును. అందిజానులోనికి తొమ్మిది కాలువలు వచ్చుచుండెననియు, వానిలో నొక్కటియైనను ఊరు దాటి వెలుపలికి పోకుండుట వింత యనియు బాబరు తన ఆత్మచరిత్రమున వ్రాసికొనెను. వచ్చిన నీరంతయు ఊరే త్రాగివేసెడిదన్నమాట. తరువాత ఆతడు ఏ దేశమునకు బోయినను ఆ దేశమును ఈ కొలతతోనే కొలిచెను.

ఆ ఆత్మచరిత్రమును గూర్చి యొక మాట. అది తుర్కీ భాషలో వ్రాయబడినది. అక్బరు కాలమున, 1589లో, అబ్దుర్రహీం ఖాన్‌ఖానా దానిని పారసీకములోనికి మార్చెను. రాజులు తమ చరిత్రములు తాము వ్రాసికొన్నప్పుడు సాధారణముగా తమ కీర్తినే పెంచికొందురు. బాబరు అట్టి పని చేయలేదని మేమనము. కాని తన యోటములను, త్రాగుడును, భయమును, కన్నీటిని గూడ దాచక వ్రాసెను. కాయగూరలు, పక్షులు, చెట్లు, బావులు, కాలువలు ఆ గ్రంథమున యుద్ధములతో సమానమైన చోటు నాక్రమించుకొన్నవి. మేము చెప్పబోవునది చాలవఱకు ఆ గ్రంథము నుండియే గ్రహింపబడినది.

1494 జూనులో తండ్రి దుర్మరణము పాలయ్యెను. అఖ్సీ కోటలో గట్టు అంచున నున్న పావురముల గూడు విఱిగి లోయలో పడగా, దానితోపాటు ఆయనయు పడిపోయెను. పదునొకండేండ్లు నిండిన బాలునకు రాజ్యము సంక్రమించినది. తరువాతి పదియేండ్ల కథ సంక్షేపముగా జెప్పవచ్చును. తైమూరు రాజధానియగు సమర్‌ఖందును 1497లో పట్టుకొనెను. నూఱు దినములు నిలువలేదు. 1500లో మరల పట్టుకొనెను. మఱుసటి యేట ఉజ్బెకు నాయకుడు షైబానీఖాను చేత తఱుమబడెను. ఫర్గానాయు పోయినది. కొంతకాలము కొండలలో ఆశ్రితుడై తిరిగెను. తుదకు 1504లో హిందూకుష్ పర్వతములు దాటి వచ్చి కాబూలు నాక్రమించెను. 1511లో మూడవసారి సమర్‌ఖందు చేతికి వచ్చి, మఱుసటి యేడే జాఱిపోయినది. సమర్‌ఖందులో తైమూరు వేయించిన తోటలను, కోహిక్ నదినుండి చీల్చిన దర్‌గం కాలువను ఆతడు కన్నులార చూచెను. నగరము మిగులలేదు గాని తోట ఎట్లుండవలెనో ఆ జ్ఞానము మిగిలినది.

కాబూలులో ఇరువదియేండ్లకు పైగా స్థిరముగా నిలిచెను. తోటల విషయమున ఆతని చేయి తిరిగినది ఇచ్చటనే. ఆదీనాపురపు కోటకెదురుగా, నేటి జలాలాబాదు ప్రాంతమున, 1508 - 09 కాలములో బాగె వఫా యను తోటను వేయించెను. అది దక్షిణాభిముఖమైన మెట్ట. కోటకును తోటకును నడుమ సుర్ఖ్ రూద్ అను నది పాఱుచుండెను. తోట నడుమ చిన్న దిబ్బ. దానిమీదుగా ఒక తిరుగలిని త్రిప్పుటకు చాలినంత నీరు ఎల్లప్పుడును దిగుచుండును. నైరృతి మూలను పదేసి గజముల చతురస్రపు కొలను, దాని చుట్టును నారింజ చెట్లు. 1524 ప్రాంతమున పంజాబు మీదికి దండెత్తి లాహోరు, దీపాలపురములను గెలిచిన యేట అచ్చటి నుండి అరటి పిలకలు తెప్పించి ఈ తోటలో నాటించెను. అవి చక్కగా పట్టుకొన్నవి. అంతకు ముందటి యేడు చెఱకు నాటించెను, అదియు ఫలించినది. దండయాత్రకు వచ్చి అరటిపిలకలు మోయించుకొని పోయిన సేనాపతిని చరిత్రలో మఱియొకనిని మేమెఱుగము.

తిరుగలి నీరు అను కొలతను గూర్చి మన రైతులకు జెప్పవలసి యున్నది. ఆ కొండసీమలలో నీటిని ఘనపుటడుగులతో గాని, ఎకరములతో గాని కొలిచెడివారు కారు. ఒక పిండి తిరుగలిని నిరంతరము త్రిప్పగల ప్రవాహము ఒక తిరుగలి నీరు. తోట బేరమాడునప్పుడు దానికెన్ని తిరుగళ్ల నీరున్నదని యడుగుట ఆచారము. నీటి పరిమాణమును, అది చేయగల పనిని, రెంటిని ఒక్కమాటలో చెప్పు కొలత యిది. మంచి కొలతయే యని మా యభిప్రాయము.

కాబూలునకు ఉత్తరమున ఇస్తాలిఫ్ అను కొండ గ్రామమున్నది. అచ్చటి పెద్దతోటను అంతకు ముందు కాబూలు నేలిన ఉలుగ్ బేగ్ మీర్జా, బాబరు పినతండ్రి వరుసవాడు, రైతుల యొద్దనుండి బలవంతముగా లాగుకొనియుండెను. బాబరు ఆ తోట సొంతదారులకు వెల చెల్లించి దానిని పుచ్చుకొనెను. దాని గుండ నొక తిరుగలి నీరు చెట్లనీడను పాఱుచుండెడిది. కాని వంకరటింకరగ పాఱుచుండెడిది. దానిని తిన్నగా, గట్లతో సరిచేయించెను. చిన్న సంగతి. అయినను భూస్వాములగు మా పాఠకులు దీనిని గమనింపవలెనని కోరెదము. తాను జయించిన దేశములో, తన కత్తికి లోబడిన ప్రజల యొద్ద, తోటకు వెల యిచ్చి కొనవలెనని తోచిన రాజులు అఱుదు. నీరును నేలయు గెలుచుకొన్నంత మాత్రమున తనవి కావని ఆతనికెచ్చటనో తోచియుండవలెను.

ఇంతమాత్రమున ఆతనిని పరమసాధువుగా చిత్రించుట మా యుద్దేశము గాదు. 1519 జనవరిలో బజౌరు కోటను పట్టుకొన్నప్పుడు మూడువేల మందికి పైగా నఱికించి, తలలతో స్తంభము కట్టించెను. ఇదియు ఆతడే వ్రాసికొన్నాడు. వ్రాసిన యా పుటలకును తోటల పుటలకును నడుమ ఎడము పెక్కు చోట్ల కొలది పంక్తులే. ఒక్క చేతితోనే యీ రెండు పనులును జరిగినవి. చరిత్రకారుడు ఒక దానిని చూపి రెండవదానిని మఱపింపరాదు.

ఇక ఆగ్రాకు వత్తము. 1526 వేసవి భయంకరముగా నుండెను. వేడిగాలికి పలువురు సైనికులు పిట్టలవలె రాలిరి. సర్దారులు తిరుగు ప్రయాణమునకు తొందరపెట్టిరి. బాబరునకు ప్రాణమిత్రుడైన ఖ్వాజా కలాన్ ఒక్క క్షణమైనను నిలువలేక, ఢిల్లీలో నొక గోడమీద ఈ దేశమును తూలనాడుచు పద్యము వ్రాసి మఱి వెడలిపోయెను. బాబరునకును ఈ దేశము నచ్చలేదు. నచ్చని వానినెల్ల జాబితా వేసి వ్రాసెను: మంచి పండ్లు లేవు, మంచు లేదు, చల్లని నీరు లేదు, స్నానశాలలు లేవు, తోటలకు ప్రాకారములు లేవు, వానిలో పాఱు నీరు లేదు. ఈ దేశపు గుణమేదనగా, పెద్ద దేశము; బంగారము వెండియు విస్తారము.

ఈ నిందను మన దేశీయులు శతాబ్దములనుండి వినుచు నొచ్చుకొనుచున్నారు. నొచ్చుకొనుట కంటె విచారించుట మేలు. ఆతడు చూచినది జ్యేష్ఠమాసపు గంగా యమునా మైదానము. కొండనదికిని మైదానపు నదికిని గల భేదమే యిందులోని మర్మము. కొండనది తోటకంటె ఎత్తున పుట్టి క్రిందికి దిగును. కాలువ త్రవ్విన చాలును. ఆగ్రా యొద్ద యమున గట్లకంటె మిక్కిలి పల్లమున పాఱును. వేసవిలో ఇసుకమేటల నడుమ నొదిగిపోవును. శ్రావణమున పొంగి గట్ల నొరయును. దానినుండి తోటకు నీరు నడచి రాదు, ఎక్కింపవలెను. ఇది జనుల సోమరితనము గాదు, నేల వాలు. వాలున్న చోట మనవారేమి చేసిరో చూడవలెనన్న ఆతడు దక్షిణమునకు రావలసియుండెను. ఆ సంవత్సరముననే విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు రాజ్యమేలుచుండెను. తుంగభద్రకు అడ్డుకట్టలు గట్టి, రాళ్లలో కాలువలు తొలిపించి, నగరపు తోటలకు, వరిమళ్లకు ఏటినీరు నడపించిన యేర్పాటు అప్పటికే యుండెను. తుర్తు కాలువ మొదలగునవి నేటికిని పాఱుచున్నవి. రాయలే పోర్చుగీసు శిల్పి సాయమున నాగలాపురము చెంత పెద్ద చెఱువు కట్టించెను. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు 1369 నాటిది. బాబరు హిందూదేశపు రాజులను లెక్కించుచు, హిందూ ప్రభువులలో భూమి చేతను సైన్యము చేతను మిన్నయైనవాడు విజయనగరపు రాజే యని వ్రాసెను. ఆ రాజు కాలువలను గూర్చి మాత్రము ఆతనికి చెప్పినవారు లేకపోయిరి.

అయినను ఆతని గ్రంథమున మేము మెచ్చునది ఈ నింద తరువాతి భాగము. లేదని విసిగికొని యూరకుండలేదు. ఈ దేశపు రైతు నీరు తోడు విధములన్నింటిని ఓపికగా చూచి, ఇంజనీరువలె వర్ణించెను. లాహోరు, దీపాలపురము, సర్‌హిందు ప్రాంతములలో చక్రముతో తోడుదురు. బావి లోతునకు సరిపడు రెండు త్రాళ్లను దండలుగా జేసి, వాని నడుమ కఱ్ఱలు గట్టి, కఱ్ఱలకు కుండలు తగిలింతురు. ఈ కుండల దండ బావిమీది చక్రముపై తిరుగును. ఆ చక్రపు ఇరుసు రెండవ కొననున్న మఱియొక చక్రమునకు పండ్లుండును. ఆ పండ్లు నిలువు ఇరుసు గల మూడవ చక్రపు పండ్లతో కలియును. దానిని ఎద్దు గుండ్రముగా తిరుగుచు త్రిప్పును. నిండిన కుండలు పైకి వచ్చి తొట్టిలో గ్రుమ్మరించి, ఖాళీగా దిగిపోవును. ధార తెగదు.

ఆగ్రా, చంద్‌వారు, బయానా ప్రాంతములలో చూచినది వేఱు విధము. బావి అంచున గిలక, పెద్ద తోలుబొక్కెన, దాని త్రాటిని ఎద్దుకు గట్టి తోలుదురు. ఒకడు ఎద్దును తోలును. వేఱొకడు బొక్కెనను వంచును. ఎద్దు తిరిగి వచ్చునప్పుడెల్ల త్రాడు దారిలోని పేడను, మూత్రమును రాచుకొని మరల బావిలో పడునని ఆతడు మిక్కిలి రోసెను. మన రాయలసీమ రైతు కపిల యనియు, తెలంగాణపు రైతు మోట యనియు పిలుచునది ఈ జాతిదే. కాని మనవారి బొక్కెనకు తోలుతొండముండును. నీరు తనంతట గ్రుమ్మరించును. ఎడ్లు వెనుదిరుగక వెనుకడుగులతోనే మెట్టయెక్కును. బాబరు దానిని చూచియుండినచో ఆతని రోత కొంత తగ్గియుండెడిదేమో.

కుండల చక్రము పారసీకుల సొత్తని చెప్పుట వాడుక. సంస్కృతమున అరఘట్టమను పదము బాబరునకు మిక్కిలి పూర్వము నుండియు నున్నది. పంచతంత్రములో గంగదత్తుడను కప్పరాజు దాయాదుల పోరు పడలేక బావినుండి వెలికివచ్చినది అరఘట్టపు కుండ నెక్కియే గదా. పండ్ల చక్రము జోడించి ఎద్దుచే త్రిప్పించు పద్ధతి మాత్రము పడమటినుండి తరువాతి కాలమున వచ్చినదని చరిత్రజ్ఞులలో కొందఱు తలతురు. ఎవరిదైనను, ఏటిగట్టు మీది తోటకు అదియే తగిన యంత్రమని గుర్తించినవారు బాబరును ఆతని పరివారమును.

యమున ఆవలి యొడ్డు మొదట చూచినప్పుడు ఆతని మనస్సు విఱిగిపోయినది. ఆ నేల యంత వికారముగా నుండెనట. రోసి తిరిగివచ్చెను. కాని ఆగ్రా దగ్గఱ అంతకంటె మంచి చోటు లేదు. కావున ఆ నేలమీదనే పని మొదలుపెట్టవలసి వచ్చెను. మొదట ఏమి చేయించెనో చూడుడు: చెట్లు గాదు, మేడ గాదు, పెద్ద బావి. స్నానశాలకు నీరిచ్చు బావి యది. దాని తరువాత చింతచెట్లున్న చోటును, ఎనిమిది మూలల కొలనును. తరువాత పెద్ద కొలను, దాని ఆవరణము. తరువాత రాతికట్టడము ముందటి కొలనును, మండపమును. అటుపిమ్మట అంతఃపురపు తోట, ఇండ్లు. తుదకు స్నానశాల. నీరు ముందు, నివాసము వెనుక. తోట వేయు ప్రతివాడు నేర్చుకొనదగిన వరుస యిది. మన పట్టణములలో మేడ కట్టి, గోడ లేపి, మొక్కలు నాటి, పిదప నీటికై వెదకు ధనవంతులను మేము పెక్కుమందిని చూచినారము. చింతచెట్లను కొట్టింపక వానిచుట్టు కొలను గట్టించుట గూడ గమనింపదగినదే.

నేలను తిన్నని గీతలతో ఖండములుగా విభజించి, ప్రతి ఖండమునను గులాబులు, నర్గీసు పూలు ఎదురెదురుగా నాటించెను. ఈ దేశపు ఎండ, గాలి, దుమ్ము అను మూడింటిని ఒక్కసారిగా జయించునది స్నానశాలయే యని ఆతని నమ్మకము. ఖలీఫా, షేక్ జైన్, యూనుస్ అలీ మొదలగు సర్దారులకును ఏటి యొడ్డున స్థలములు దొరకినవి. వారును వరుస తప్పని తోటలు వేసి, కొలనులు కట్టించి, లాహోరు దీపాలపురపు మాదిరి చక్రములను నిలిపి పాఱు నీరు సృష్టించిరి. కిందటి నెలవఱకు కాబూలునకు పోయెదమని యల్లరి చేసిన సర్దారులే ఇప్పుడు చక్రములు బిగించుచుండిరి. ఇట్టి తోటల నెన్నడును చూడని ఆగ్రా జనులు నదికి ఆ వైపునకు కాబూలు అని పేరు పెట్టిరి. పరిహాసమో, మెప్పో, రెండునో; ఏమైనను ఆ పేరు పాదుషాకు నచ్చినట్లే యున్నది, వ్రాసికొనెను.

ఆగ్రా కోటలోపల చేయించిన పని యింతకంటె చిత్రమైనది. ఇబ్రహీం నివాసమునకును ప్రాకారమునకును నడుమ ఖాళీస్థలమున మెట్లబావి త్రవ్వించెను. ఎద్దు చక్రము ఒక బావినుండి నీటిని ఎత్తి రెండవ బావిలో పోయును. అచ్చటనుండి మఱియొక చక్రము దానిని ప్రాకారపు ఎత్తునకు చేర్చును. అచ్చటి నుండి పై తోటలకు నీరు పాఱును. ఒక్క చక్రము ఎత్తగల యెత్తునకు మేర గలదు. కుండల దండ పొడవైన కొలది బరువు హెచ్చి, త్రాళ్లు తెగును, ఎద్దు అలసిపోవును. ఎత్తును రెండు మెట్లుగా విఱిచి నడుమ నొక నీటి మజిలీ పెట్టుటయే ఉపాయము. ఒకసారి మీదికి చేరిన పిమ్మట, ఆ నీటికి ఫర్గానా నీటి స్వభావమే వచ్చును. ఎవరి సాయము లేక క్రిందికి నడచును. మైదానమున కొండను కట్టించుకొన్నాడనవచ్చును.

ఈ పనులు చేసినదెవరు? ఆగ్రాలోని తన కట్టడములలో ఆ యూరి శిలాకారులే దినమునకు 680 మంది పనిచేయుచుండిరనియు, ఆగ్రా, సిక్రీ, బయానా, ధవళపురము, గ్వాలియరు, కోయిల్ అను చోట్ల కలిపి 1491 మంది యనియు బాబరు లెక్క వ్రాసినాడు. సమర్‌ఖందు మసీదునకు తైమూరు దినమునకు రెండువందల శిలాకారులను వాడెనన్న మాటతో దీనిని పోల్చుకొని సంతోషించెను. హిందూదేశమున మెచ్చదగినది మఱియొకటి గలదనియు, అది ప్రతి పనికిని తరతరముల నుండి ఆ పనియే చేయుచు వచ్చినవారు లెక్కలేనంతమంది యుండుటయే యనియు ఒప్పుకొనెను. తోటలు లేవని నిందించిన దేశమునకు తోట కట్టు చేతులు లేకపోలేదు. సర్దారుల పేర్లు గ్రంథమున నిలిచినవి. చక్రములకు త్రాళ్లు పేనినవారివి, కుండలు చేసినవారివి, వేసవి మిట్టమధ్యాహ్నమున ఎద్దు వెనుక తిరిగినవారివి నిలువలేదు. పాదుషాకు పాఱు నీరు కావలెనన్న, ఎద్దు నిలువరాదు. ఎద్దు నిలువరాదన్న దానివెనుక మనుష్యుడు నిలువరాదు. కొండ యూరక యిచ్చినదానికి మైదానమున చెమటతో వెల కట్టవలసి వచ్చినది. ఈ వెలను ఇస్తాలిఫ్ తోటకువలె ఎంచి చెల్లించెనో లేదో ఆ గ్రంథము చెప్పదు.

1527 మార్చిలో ఖానువా యొద్ద రాణా సంగ్రామసింహునితో ఘోరయుద్ధము జరిగినది. దానికి ముందు బాబరు మద్యము మానుకొని పానపాత్రలు పగులగొట్టించెను. యుద్ధము గెలిచిన పిమ్మట మరల తలల గోపురము లేచినది. ఆ దినములలోనే ధవళపురము చెంత నెఱ్ఱరాతి గుట్టను తొలిపించి, ఏకశిలతో కొలను చేయింప నాజ్ఞాపించెను. ఆ కొలను ద్రాక్షామద్యముతో నింపవలెనని మొదట తలచెననియు, ఒట్టు పెట్టుకొన్నందున నిమ్మపానకముతో నింపించెననియు ఆతని కొమార్తె గుల్బదను బేగము వ్రాసినది. ఆ తామరకొలనుల తోట శిథిలములు ఝోర్ గ్రామమున 1978లో మరల గుర్తింపబడినవి.

1529 నాటికి ఆగ్రా తోటలో ఖర్బూజాలు, ద్రాక్షలు కాచినవి. ఇందులకై బల్ఖునుండి తోటమాలిని రప్పించియుండెను. ఈ నేలమీద ఈ పండ్లు పండుట తనకు చాల తృప్తి నిచ్చెనని వ్రాసెను. ఆ కాలముననే కాబూలులోని ఖ్వాజా కలానుకు వ్రాసిన యుత్తరమున, ఖర్బూజా కోయగా ఆ దేశము జ్ఞప్తికి వచ్చి తాను ఏడ్చితినని ఒప్పుకొనెను. ఆ యుత్తరములోనే రాజ్యకార్యముల నడుమ, అచ్చటి తోటలో వరుసగా మొక్కలు నాటవలెననియు, నీరు చాలని చోటికి ఒక తిరుగలి నీరు సమకూర్పవలెననియు ఉత్తరువులు గలవు. ఆగ్రాలో కూర్చుండి కాబూలు కాలువను సవరించుచున్నాడు. రెండు నేలలలో ఏది తనదియో తేల్చుకొనలేకపోయినాడు.

తుదిదినములలో రాజ్యభారము హుమాయూనునకు అప్పగించి, నీరందించు తాహిరు అను సేవకు నొక్కనిని వెంటనిడుకొని తోటలో నొంటరిగా నుండెదనని అనుచుండెడివాడని గుల్బదను చెప్పినది. ఆ కోరిక తీఱలేదు. 1530 డిసెంబరు 26వ తేదీన ఆగ్రాలో, నలువదియేడేండ్ల ప్రాయమున, మరణించెను. యమున ఆవలి యొడ్డున తోటలోనే మొదట ఖననము చేసిరి.

ఆ యొడ్డున తరువాత ఆతని సంతతివారు తోటలమీద తోటలు వేసిరి. బాబరుదని లోకము చెప్పుకొను రామబాగు, 1621 ప్రాంతమున నూర్జహాను పునర్నిర్మించిన రూపముననే మనకు మిగిలినది. అచ్చటను ఏటినీటిని ఎత్తించి మెట్లమెట్లుగా దింపిన గుర్తులున్నవి. ఎదురుగట్టున షాజహాను, బాబరు మునిమనుమని కుమారుడు, తాజమహలు కట్టించినప్పుడు తోటకు, ఫౌంటెనులకు యమునా జలమును తెప్పింపవలసి వచ్చెను. నదినుండి కాలువతో తీసి, మెట్లవారీగా ఎత్తైన తొట్లకెక్కించి, భూమిలోని గొట్టముల గుండ తోటలోనికి వదలిరి. ఎక్కించుటకు వాడినది బాబరు మెచ్చిన కుండల చక్రమును గాదు. ఆతడు రోసిన తోలుబొక్కెనయు, త్రాడును, ఎద్దును. ఎక్కువ నీరు ఎక్కువ యెత్తునకు ఎత్తవలసిన చోట ఆగ్రా రైతు బొక్కెనకే వారు మొగ్గిరి.

బాబరు శరీరము ఆగ్రాలో నిలువలేదు. కొన్నియేండ్ల పిదప, ఆతని కోరిక ననుసరించి, కాబూలునకు గొనిపోయి షేర్ దర్వాజా కొండ చరియ మీది తోటలో పూడ్చిపెట్టిరి. సమాధి పైన కప్పు లేదు. ఆ కొండ చరియ తోటలకు నీరు, ఉలుగ్ బేగ్ మీర్జా కాలమున త్రవ్వబడిన పై కాలువనుండి వాలు వెంబడి దిగుచుండెడిది. షాజహాను అచ్చట తెల్లరాతితో చిన్న మసీదు కట్టించెను. 1990 తరువాతి అంతర్యుద్ధమున తోట పాడైనది, చెట్లు నఱకబడినవి, నీటి యేర్పాటు నాశనమైనది. 2002 తరువాత ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టువారు ప్రాకారమును తిరిగి లేపి, వేలకొలది మొక్కలు నాటించి, మెట్లమీదుగా నడిమి కాలువను మరల త్రవ్వించి, సమాధి దిగువనుండి తోట చివఱివఱకు నీరు విడిపించిరి.